మూగోళ్ళ ఇంటి హక్కు

నేను అడిగినదానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. అడగడం మొదలుపెట్టినప్పుడు నాకు మీసం సరిగ్గా రాలేదు. ఇప్పుడు ఆ మీసం నెరిసింది. ఊరి పెద్దలను అడిగితే వక్కాకు నములుతూ వాన సంగతి మాట్లాడుకున్నారు. తెల్లదొర కలెక్టరును అడిగితే దుబాసీ నవ్వాడు. ఖద్దరు టోపీ పెట్టుకుని వచ్చిన పెద్దమనిషిని అడిగితే స్వరాజ్యం రానీ అన్నాడు. స్వరాజ్యం వచ్చింది. ఆయన మళ్ళీ మా ఊరి మొహం చూడలేదు. నోటితో అడిగితే గాలికి పోతూ ఉంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. చదవలేదని అంటారేమో. అననీ.

మాది కర్నూలుకూ పత్తికొండకూ నడుమ ఉండే మెట్ట ఊరు. ఒక పక్క నల్లరేగడి, ఒక పక్క రాతిగుండ్లు. నల్లరేగట్లో పత్తి, జొన్న పండుతాయి, గుండ్లలో మేకలు తిరుగుతాయి. మేము దూది ఏకేవాళ్ళం. నమాజుకు పోతాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. కర్నూలులో ఉర్దూ వచ్చినవాళ్ళు మమ్మల్ని పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చోబెడతారు. అదీ నేను మరిచిపోలేదు గానీ, ఇప్పుడు చెప్పబోయేది అది కాదు.

ఊళ్ళో మా ఇంటిని మూగోళ్ళ ఇల్లు అంటారు. మా వంశంలో మూగవాళ్ళు పుట్టలేదు. మా జేజి, అంటే మా నాయన తల్లి, మాట్లాడితే మూడో వీధిలో కుక్క లేచేది. మా నాయన దూది ఏకే విల్లు టుంయి టుంయిమని మోగుతున్నా ఆ మోతను మించి పాడేవాడు. నా సంగతి సరే సరి. అయినా పాదిరి బడిలో నన్ను చేర్చిన రోజు అయ్యవారు ఇంటిపేరు అడిగితే, మా నాయన నోరు తెరిచేలోపల పక్కనున్న రైతు మూగోళ్ళు సామీ అన్నాడు. అయ్యవారు అదే రాసుకున్నాడు. మా నాయన కాదని చెప్పినా కొట్టివేత బాగుండదని దిద్దలేదు. అట్లా దేవుని బడిలో కూడా నేను మూగవాణ్ణే అయ్యాను. చదువు మాత్రం బాగా చెప్పారు, ఆ మాట దాచను.

ఈ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మా ఊరి పీర్ల పండగ సంగతి చెప్పాలి.

పీర్ల పండగ మా ఊళ్ళో అందరిదీ. పీర్లను నిలిపే సావిడి కట్టించింది రైతులు. నిప్పుల గుండానికి కట్టెలు వేసేది ఊరంతా. తప్పెట కొట్టేవాళ్ళు కిరస్తానంలో కలిసినాక పాదిరి వద్దన్నాడు, అయినా ఆ పదిరోజులు వచ్చి కొట్టి పోతారు. పదో దినం పొద్దున పీర్లను సావిడిలోంచి ఎత్తి వాగుకు తీసుకుపోతారు. ముందు లేచేది పెద్దపీరు. అది లేవకముందు ఒక మనిషి సావిడి గడప మీద నిలబడి, ఊరు ఎవరి నీడన ఉందో ఆ ఏలేవాని పేరు గట్టిగా చెప్పాలి. ఫలానా దొర చల్లగా ఉండాల, ఊరు చల్లగా ఉండాల అనాలి. ఊరంతా ఒక్క గొంతుతో ఉండాల అంటుంది. పేరు చెప్పినవాడే పెద్దపీరును ఎత్తుకుని నడుస్తాడు. పీరు ముందర ఫాతెహా చదివించిన చక్కెర మొదట వాని ఇంటికే పోతుంది. నేను దూది ఏకడానికి కడప దాకా తిరిగాను, ఈ పద్ధతి ఇంకో ఊళ్ళో చూడలేదు. నవాబుల కాలంలో పెట్టిన పద్ధతి అంటారు. అప్పట్లో ఆ గడప మా ఇంటిది.

దీనికి ఒక కట్టు ఉంది. ఒకసారి చెప్పిన పేరును ఆ మనిషి ప్రాణంతో ఉన్నంతకాలం మార్చకూడదు. చచ్చినాడని రూఢిగా తెలిశాకే కొత్త పేరు. ఎందుకంటే మా జేజి చెప్పేది, పీరు ముందర ఒకణ్ణి చల్లగా ఉండాలని కోరి, వాడు బతికుండగానే పేరు తీసేస్తే వాడు చావాలని కోరినట్టు. ఊరికి పాపం. ఈ కట్టు మా ఇంటివాళ్ళు కల్పించింది కాదు. తర్వాత మా గడప ఎక్కిన దండోళ్ళ ఇంటి ముసలివాళ్ళూ కాదనలేదు. కాదనలేదు గానీ పాటించనూ లేదు. అదే నా వ్యాజ్యం.

మా జేజి ఇదంతా తన మామ నోటనే విన్నది. ఆ మామ నాకు ముత్తాత. ఆయన కాలంలో బళ్ళారి దిక్కు నుంచి కుంపిణీ దండు వచ్చింది. కర్నూలు నవాబు కోటలో తుపాకులు, ఫిరంగులు దాచిపెట్టి తమ మీదికి లేస్తాడని కుంపిణీవాళ్ళకు అనుమానం. అది నిజమో కాదో మాకు తెలియదు. మా ఊరికి తెలిసింది దండు. ఎద్దులు, ఒంటెలు, గుర్రాలు ఊరి చేలలో దిగి పాలు పట్టిన జొన్నను మేశాయి. వాగులో నీళ్ళు బురద అయ్యాయి. అప్పుడు ఊళ్ళో ఒక మోతుబరి ఇంటివాళ్ళు, చేను ఎట్లాగూ పోతుంది కదా అని, తామే ఎదురుపోయి దండుకు చొప్ప, ఉలవలు తోలించి, కర్నూలు దోవ చూపించారు. అందుకే వాళ్ళు దండోళ్ళు అయ్యారు. దండు పోయి కోట పట్టింది. నవాబును ఎక్కడో అరవదేశంలో తిరుచునాపల్లికి తీసుకుపోయి పెట్టారు.

నవాబు మంచివాడని నేను చెప్పబోవడం లేదు. ఆయన గుర్రపువాళ్ళు వస్తే మా ఊరివాళ్ళు గొర్రెలను గుండ్లలోకి తోలి దాచేవాళ్ళట. మా జేజి ఆయన పేరు ఎత్తినప్పుడు ఒక్కసారి కూడా కళ్ళు తుడుచుకోలేదు. కానీ కోటలో సిపాయిలు ఉన్నంతకాలం వాళ్ళ దూది అంగీలకు, గుర్రాల బొంతలకు మా ఇంట్లోనే దూది ఏకేది. ఆ పని ఒక్క దెబ్బకు పోయింది. కొలువు పోయిన సిపాయిలు మా ఊరి మీదుగా కాలినడకన పోతూ, కత్తుల పిడికి ఉన్న వెండి ఊడదీసి జొన్నలకు ఇచ్చేవాళ్ళట. ఎవరినో ఒకణ్ణి దించుతాం అని దూరాన కూర్చుని అనుకునేవాళ్ళకు ఇవి కనపడవు. ఆ ఒక్కడే దిగుతాడని అనుకుంటారు.

నవాబును పట్టుకుపోయిన తర్వాత వచ్చిన మొదటి పండగ. కుంపిణీ పెట్టిన అమల్దారు గుర్రం మీద వచ్చి సావిడి ముందర నిలబడ్డాడు. ఇకమీదట ఏలేది కుంపిణీ, ఆ పేరే చెప్పమన్నాడు. మా ముత్తాత గడప మీద నిలబడ్డాడు. నవాబు పేరు చెప్పలేదు, చెబితే అమల్దారు ఊరుకోడు. కుంపిణీ పేరూ చెప్పలేదు, నవాబు బతికే ఉన్నాడు. నోరు మూసుకుని నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పీరు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు నీడకు జరిగారు. అమల్దారు కొరడా చూపించాడు. ఆయన గడప దిగలేదు. చివరికి దండోళ్ళ ఇంటి పెద్ద లేచి, ఆయన్ను భుజంతో పక్కకు జరిపి, గడప ఎక్కి కుంపిణీ దొర చల్లగా ఉండాల అన్నాడు. ఊరు ఉండాల అనింది. పెద్దపీరు వాళ్ళ చేతుల్లో లేచింది.

తర్వాతి పండగలోపల తిరుచునాపల్లిలో నవాబును ఎవడో పొడిచి చంపాడని తెలిసింది. మా ముత్తాత కర్నూలు దాకా నడిచిపోయి, ఆ మాట నిజమేనని తేల్చుకుని వచ్చాడు. పదో దినం తానం చేసి, తలకు కొత్త పాగా చుట్టి సావిడికి పోయాడు. కుంపిణీ పేరు చెప్పడానికే పోయాడు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆయన తిరగబడినవాడు కాడు. మా ఇంటివాళ్ళను నవాబు మనుషులని, రాజద్రోహులని అన్నవాళ్ళు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు. నవాబు చచ్చినాడు, కట్టు తీరింది, ఇక ఏలేవాని పేరు చెప్పడమే ఆయన పని. గడప మీద అప్పటికే దండోళ్ళ పెద్ద నిలబడి ఉన్నాడు. మా ముత్తాత దిగమన్నాడు.

"నీ నోరు పోయినేడే పోయింది కదప్పా," అన్నాడు దండోళ్ళ పెద్ద. "మూగోడు పేరెట్ల చెప్తాడు?"

ఊరు నవ్వింది. ఆ నవ్వులోంచి పుట్టిందే మా ఇంటి పేరు. మా ముత్తాత అడిగింది ఆ నవాబు ప్రాణం పోయేదాకా ఆగమని. అంతకుమించి ఏమీ లేదు.

మా జేజినాయన ఈ సంగతి మాట్లాడేవాడు కాదట. మా నాయన కూడా మాట్లాడేవాడు కాదు గానీ, ప్రతి ఏడూ పదో దినానికి ఊళ్ళో లేకుండా చూసుకునేవాడు. విల్లు భుజాన వేసుకుని పత్తికొండ పక్కకో ఆదోని పక్కకో పోయేవాడు. పండగపూట పనేమి సాయిబూ అని అక్కడివాళ్ళు అడిగితే, మా ఊళ్ళో పండగ ఇప్పుడు కాదు అనేవాడు. నేను అట్లా పోలేదు. నేను ఊళ్ళోనే ఉండి, సావిడి ముందర నిలబడి, ఏటేటా అడిగాను. కట్టు తప్పింది ఎవరు, మేమా వాళ్ళా? కట్టు తప్పనివాడు హక్కు ఎట్లా పోగొట్టుకుంటాడు? పెద్దలు వినేవాళ్ళు. ఎండ ఎక్కుతా ఉండాదప్పా, కానీ అనేవాళ్ళు. నా భార్య మాత్రం ఒకసారి జవాబు లాంటిది చెప్పింది. నీకు పీరు మీద భక్తి ఉంటే వెనక నడిచినా ఒకటే కదా అన్నది. నడిచినా ఒకటే అయితే వాళ్ళు వెనక నడవచ్చు కదా అన్నాను. ఆ పూట నా అన్నంలోకి ఊరిబిండి పచ్చడి వెయ్యలేదు.

యూరోపులో మొదటి యుద్ధం అయిపోయిన తర్వాత కలెక్టరు శిస్తు లెక్కలు చూసే జమాబందీకి వచ్చి మా ఫిర్కాలో డేరా వేశాడు. పడుచు దొర, ముక్కు ఎండకు కమిలి ఎర్రగా ఉంది. అప్పుడు తురకదేశంలో సుల్తానును ఏం చేస్తారోనని కర్నూలులో మసీదుల దగ్గర సభలు జరుగుతున్నాయి. అందుకని గడ్డం ఉన్నవాడు డేరా దగ్గరికి పోతే పోలీసు జవాను వెంటనే పక్కకు లాగేవాడు. నన్నూ లాగాడు. ఖిలాఫత్తోనివా అన్నాడు. దూది ఏకేవాణ్ణి అన్నాను. రెండూ ఒకటా కాదా అని తనలో తాను ఆలోచించుకుని వదిలిపెట్టాడు.

డేరాలో నా సంగతి మొదటినుంచీ చెప్పాను. దుబాసీ మా పక్క మనిషే, కడపవాడు. నేను చాలాసేపు చెప్పింది ఆయన కొంచెంలో చెప్పాడు. దొర ఏదో అన్నాడు. సర్కారు మతం సంగతుల్లో చెయ్యి పెట్టదు, మీలో మీరు తేల్చుకోండి అంటున్నాడు దొర, అని దుబాసీ చెప్పాడు.

నేను అన్నాను: "చెయ్యి పెట్టి తీసింది సర్కారే కదా సామీ. తీసేటప్పుడు మతం కాదు, తిరిగి పెట్టేటప్పుడు మతమా?"

దుబాసీ నవ్వాడు. ఆ మాట దొరకు చెప్పలేదు. చెప్పండి సామీ అన్నాను. పో పో, వెనక ఇంకా జనం ఉండారు అన్నాడు. దొర నా మొహం చూశాడు. ఏదో అడగబోయినట్టే ఉంది. అంతలో నీటితీరువ గొడవ పెట్టుకున్న రైతులు నన్ను తోసుకుని ముందుకు వచ్చారు. ఆ ఒక్క వాక్యం ఆ దొర చెవిన పడి ఉంటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఏమీ కాకపోయేదేమో. అయినా అది చెప్పడం దుబాసీ పని. జీతం అందుకే ఇచ్చారు.

మావాళ్ళది తప్పు అని అనుకునేవాళ్ళు కూడా కొంచెం ఆలోచించాల్సిన సంగతి ఒకటి జరిగింది. ఇంగ్లీషు సీమలో రాజు చచ్చిపోయి ఆయన పెద్దకొడుకు రాజయ్యాడు. ఆ ఏడు దండోళ్ళు కొత్త రాజు పేరు చెప్పారు. పాత రాజు చచ్చాడు కాబట్టి కట్టు ప్రకారం సరిపోయింది, నేను నోరెత్తలేదు. తర్వాతి పండగలోపల ఆ కొత్త రాజు ఎవరో ఆడమనిషిని పెళ్ళాడాలని గద్దె దిగిపోయాడు. తమ్ముడు ఎక్కాడు. పాదిరి బడికి వచ్చే పత్రికలో నేను చదివాను. దిగిపోయినవాడు బతికే ఉన్నాడు. ఆ దినం నుంచి పండగ కోసం ఎదురుచూశాను. మా వాళ్ళలో పీర్ల పండగకు అంత సంతోషంగా ఎవరూ ఎదురుచూసి ఉండరు, అది సంతోషపడే పండగ కాదు కూడా.

అప్పటికి మా నాయన లేచి తిరగలేడు. పదో దినానికి ఊరు వదిలి పోవడం ఆయనకు మొదటిసారి కుదరలేదు. మా ఇల్లు సావిడికి రెండు గోడల అవతల. మంచం వాకిట్లోకి లాగమన్నాడు. లాగాను. పోయి రా అని చెయ్యి ఊపాడు.

దండోళ్ళ ఇంటికి అప్పటి పెద్ద నాకంటే వయసులో పెద్దవాడు. మామా అని పిలిచేవాణ్ణి. వరసకు లోటు చెయ్యలేదు నేను. మంచి మాటకారి. పంచె ఎగ్గట్టి గడప ఎక్కి, రాజు తమ్ముడి పేరు చెప్పబోయాడు. నేను చెయ్యి ఎత్తాను.

"మామా, ఆగు. పోయినేడు నువ్వు చెప్పిన రాజు బతికుండాడు," అన్నాను.

"ఉంటే ఉండనీ. దిగిపాయ కదా."

"బతికున్నోని పేరు మార్చకూడదని మీ నాయన కూడా చెప్పినాడు."

"దిగినోడు రాజెట్లయితాడప్పా? తనంతట తానే దిగె. పెళ్ళాం కావాలనె, దిగె. నువ్వు పోయి ఎక్కిస్తావా యేమి?"

జనం నవ్వారు. ముందు వరసలో ఉన్న ఒకాయన, సాయిబుకు రాజు పెండ్లి మీద పడింది ధ్యాస అన్నాడు. నవ్వు తగ్గేదాకా నేను ఆగాను.

"తనంతట తాను దిగినోని పేరు పోతాది, సరే," అన్నాను. "నవాబు తనంతట తాను దిగలేదు. బయటినుంచి దండు వచ్చి దించింది. దించితే కూడా పేరు పోతాదా? ఇది ఒక్కటి చెప్పి పీరు ఎత్తండి."

మామ నా దిక్కు చూశాడు. ఆయన కళ్ళలో నాకు ఏదో కనపడింది. జవాబు వెతుక్కుంటున్నాడు. వెనక ఉన్న పెద్దలు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా తరం మొత్తంలో ఆ ప్రశ్న మీద ఊరు ఆగిన ఒక్క సమయం అదే. ఒక ముసలాయన, అది కూడా విచారించాల్సిందే కదప్పా అని అనబోయాడు. అంతలో మామ తప్పెటవాళ్ళ దిక్కు తిరిగి కొట్టండ్రా అన్నాడు. పది తప్పెట్లు ఒక్కసారి లేచాయి. ఆ మోతలో తమ్ముడి పేరు చెప్పాడో లేదో నాకే వినపడలేదు. ఊరు ఉండాల అనింది. పీరు లేచింది. తప్పెట కొట్టేవాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళు చెప్పిన పని చేశారు. కొట్టమన్నవాని మీద ఉంది.

ఇంటికి పోతే మా నాయన మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అడిగినావా?" అన్నాడు.

"అడిగినా."

"ఏమన్నారు?"

"తప్పెట కొట్టించినారు."

ఆయన మంచం మీద ఇటు తిరిగాడు. తప్పెట బాగా కొట్టినారు, ఈడికి కూడా వినపడె అన్నాడు. అది ఎగతాళా, మామూలు మాటా అని నేను అడగలేదు. తర్వాతి పండగలోపల పోయాడు. ఒక్కసారైనా ఆ గడప ఎక్కాలని ఆయనకు ఉండేదని మా అమ్మ తర్వాత చెప్పింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు విల్లు మోగించుకుంటూ ఆ మోతలో పేరు చెప్పి చూసుకునేవాడట. ఎవరి పేరు అని అడిగాను. ఆ పొద్దు ఎవరు రాజో వాళ్ళ పేరే అన్నది మా అమ్మ. మా ఇంట్లో ఎవరూ నవాబు పేరు చెప్పుకుంటూ కూర్చోలేదు. ఈ ముక్క కూడా గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత రెండో యుద్ధం వచ్చింది, బియ్యానికి క్యూలు వచ్చాయి, ఖద్దరు పెద్దమనిషి వచ్చాడు. ఆయన మా ఊళ్ళో రచ్చకట్ట మీద కూర్చుని, తెల్లవాళ్ళు మనకు చేసిన అన్యాయాలన్నీ స్వరాజ్యంలో సరిచేస్తారని చెప్పాడు. నేను లేచి నాది చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. ఇది శానా చిన్న సంగతి కదా అన్నాడు. చిన్నది అయితే వెంటనే తేల్చవచ్చు కదా అన్నాను. స్వరాజ్యం రానీ అన్నాడు. మామ పక్కనే ఉండి, సాయిబూ, అంత తొందర ఉంటే బనగానపల్లెకు పో, ఆడ ఇంకా నవాబు ఉండాడు, మామిడిపండ్లు కూడా పెడతాడు అన్నాడు. పెద్దమనిషి పడీపడీ నవ్వాడు. అర్జీ వినడానికి వచ్చినవాడు ఎదుటి పక్షంవాని మాటకు అంతగా నవ్వకూడదు.

ఈ ఆగస్టులో బడి ముందర జెండా ఎత్తారు. పిల్లలకు బొరుగులు, బెల్లం పెట్టారు. జెండా తాడు లాగింది మామ కొడుకు. దండుకు ఉలవలు పెట్టిన ఇంటివాడు స్వరాజ్యం జెండా లాగుతూ ఉంటే ఎవరికీ ఏమీ అనిపించలేదు. నేను ఆ మాట పక్కనున్న వానితో అన్నాను. శుభమా అని జెండా ఎగరేస్తాంటే నూరేండ్ల నాటి ఉలవలు ఎందుకు తీస్తావప్పా అన్నాడు. నూరేండ్లు దాటినాక అప్పుడెప్పటిదో అంటారు. ఆ రోజే అడిగితే తొందర అంటారు. అడగడానికి సరైన కాలం ఎప్పుడో ఎవరైనా చెబితే ఆ కాలానికే అడిగి ఉండేవాళ్ళం.

ఇప్పుడు ఊళ్ళో ఇంకో మాట నడుస్తూ ఉంది. తుంగభద్ర అవతల నైజాం రాజ్యం ఇంకా కలవలేదు. అక్కడినుంచి కొందరు మూటలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటి వస్తున్నారు, చెప్పే కష్టాలు నిజమే. మన దండు ఏరు దాటి పోవాల, ఆ రాజును దించాల అని మామ కొడుకు వయసు పిల్లలు రచ్చకట్ట మీద మాట్లాడుతున్నారు. నేను దించవద్దని చెప్పలేదు. దించేముందు ఒకటి తేల్చుకోండి అన్నాను. అక్కడ కూడా ఏదో ఒక గడప మీద నిలబడి ఆ రాజు పేరు చెప్పే పని ఉన్నవాడు ఎవడో ఉంటాడు. రాజుతో వానికి సొంత లావాదేవీ ఏమీ ఉండదు, పని అది. మీ దండు తిరిగి వచ్చాక వానికి ఎవరు జవాబు చెబుతారు?  వాళ్ళలో ఒకడు మెల్లగా, సాయిబు కదా, అట్లే అంటాడు అన్నాడు. మా ముత్తాతను కూడా ఇట్లే అనుకుని ఉంటారు. వాడు ఎవరి కొడుకో నాకు తెలుసు.

పండగ దగ్గరికి వచ్చింది. ఈ ఏడు గడప మీద ఏ పేరు చెప్పాలో ఊరికి తెలియలేదు. సీమరాజు బతికే ఉన్నాడు, ఏలడం మాత్రం మానేశాడు. కొందరు జెండా చల్లగా ఉండాల అందాం అన్నారు. జెండాకు చావు లేదు కదా, ఇక ఎప్పటికీ మార్చే పని ఉండదు అని ఒకాయన సంతోషించాడు. కొందరు కాంగ్రెసు అన్నారు. మామ ఇప్పుడు మంచాన ఉన్నాడు. కొడుకును పిలిపించి ఒక ఉపాయం చెప్పాడట. పేరు చెప్పడమే తీసేస్తే పోతుంది, స్వరాజ్యంలో ఎక్కువా తక్కువా లేదు, పీరును ఎవరు ఎత్తితే ఏమి అని. పెద్దలు ఒప్పుకున్నారు. పీరును మాత్రం అలవాటు ప్రకారం వాళ్ళింటివాళ్ళే ఎత్తుతారు.

నేను పోయి మామను చూశాను. గ్లాసుతో మజ్జిగ ఇప్పించాడు.

"ఇంగ పేరే లేదప్పా. దేనికోసం కొట్లాడతావు?" అన్నాడు.

"లేకుండా చేసేముందు ఎవరిదో చెప్పు మామా."

"చెప్తే ఏమొస్తాది నీకు?"

"మీరు ఎందుకు చెప్పడం లేదో అది వస్తాది."

ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. మూగోళ్ళింట్లో ఇంత నోరు ఎట్ల పుట్టెరా నాయనా అని గోడ దిక్కు తిరిగాడు. మజ్జిగ తాగి వచ్చాను. మజ్జిగ బాగుంది.

కాబట్టి రాస్తున్నాను. ఊరి పెద్దలకు రాస్తున్నాను, కర్నూలులో తెల్లదొర కుర్చీలో ఇప్పుడు కూర్చున్న మన దొరకు కూడా రాస్తున్నాను. ఆయనకు దుబాసీ అక్కర్లేదు, నేను రాసింది తెలుగే. పద్ధతి తీసెయ్యండి. నేను అడ్డం పడను. పెద్దపీరును నేను మొయ్యాలని కూడా అడగడం లేదు, నా భుజం ఇప్పుడు విల్లునే మొయ్యలేకుంది. అడిగింది ఒకటే. బయటినుంచి దండు వచ్చి ఏలేవాణ్ణి దించితే, వాడు బతికుండగానే వాని పేరు పోతుందా, పోదా? పోతుంది అనండి. అప్పుడు మా ముత్తాత తప్పు చేసినట్టు. అదే మాట సావిడి ముందర అందరూ వినేట్టు చెప్పండి, నేను నోరు మూసుకుంటాను, మమ్మల్ని మూగోళ్ళని పిలిచినా పలుకుతాను. పోదు అనండి. అప్పుడు ఆ గడప ఇన్నాళ్ళూ మాది అని అదే చోట చెప్పండి. ఈ రెంటిలో ఏది చెప్పినా నాకు సమ్మతమే. పదో దినం పొద్దున పీర్లు లేవకముందు నేను సావిడి ముందర ఉంటాను. తప్పెటలు పక్కన పెట్టించి, ఎవరో ఒకరు జవాబు చెప్పండి.